మైనస్ 3, మైనస్ 6, మైనస్ 12

ఆర్‌టీఎల్‌2832యూ చిప్ ఉన్న చవక టీవీ డాంగిల్‌తో విమానాల సంకేతాలు పట్టే ప్రోగ్రామ్ విండోస్‌లో చక్కగా నడుస్తుంటుంది. అదే కోడ్ లినక్స్‌లోనూ గొణుక్కోకుండా కంపైల్ అవుతుంది. డాంగిల్ మాత్రం తెరుచుకోదు.

ఇక కోడ్‌లో తప్పు వెతకడం మొదలు. అంతకంటే లిబ్‌యూఎస్‌బీ లైబ్రరీ ఇచ్చే నంబరు చూడటం మేలు. మైనస్ 3 అంటే అనుమతి లేదు. యూడెవ్ నియమం ఒకటి రాసి, డాంగిల్‌ను పీకి మళ్లీ పెడితే సరి. మైనస్ 6 అంటే పరికరం ఇంకొకరి చేతిలో ఉంది. ఆ ఇంకొకరు కెర్నెలే! డాంగిల్ టీవీ కోసమే వచ్చిందనుకుని, బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసినట్టు, తన డీవీబీ డ్రైవర్‌ను ముందే వేసేస్తుంది. దాన్ని బ్లాక్‌లిస్టులో పెట్టాలి, లేదా ప్రోగ్రామే విడదీయాలి.

విండోస్‌ది తలకిందుల వ్యవహారం. తగిన డ్రైవర్ లేకుంటే మైనస్ 12 వస్తుంది; జాడిగ్‌తో విన్‌యూఎస్‌బీని జతచేయాలి. అప్పుడు టీవీ రాదు, అది వేరే సంగతి.

ఓఎస్ మార్చినా వదలని చిక్కులూ ఉన్నాయి. 2014లో విండోస్ అప్‌డేట్ ద్వారా వచ్చిన, యూఎస్‌బీ-సీరియల్ చిప్‌లు తయారుచేసే ఎఫ్‌టీడీఐ కంపెనీ డ్రైవర్, ఆ చిప్‌లకు నకిలీల ప్రొడక్ట్ ఐడీని సున్నా చేసేసింది. ఆ మార్పు చిప్‌లోనే పడటంతో లినక్స్‌ డ్రైవరూ వాటిని గుర్తుపట్టలేదు. నకిలీ చేసినవాడెవడో, నష్టపోయింది మాత్రం కొనుక్కున్నవాడు. విమర్శలు రేగాక కంపెనీ ఆ డ్రైవర్‌ను వెనక్కి తీసుకుంది. లినక్స్ కెర్నెల్ ఆ సున్నా నంబరును కూడా తన జాబితాలో చేర్చుకుంది.

ఈ సంచిక ప్రధాన వ్యాసం అక్కడి నుంచే మొదలవుతుంది.