భోజనం తర్వాతే అసలు పరీక్ష

కోల్‌కతాలో సాయంత్రమైతే వీధి మలుపుల్లో నూనె కళాయిలు వేడెక్కుతాయి. మరమరాలు, వంకాయ బజ్జీలు, మట్టి ముంతలో తియ్యటి టీ, గంటల తరబడి కబుర్లు. ఇంటికెళ్లాక పొద్దుపోయి అన్నం, చేపల పులుసు, చివర్లో ఒక రసగుల్లా. మధుమేహం ఉన్నవారి రక్తనాళాలకు గడ్డుకాలం సరిగ్గా అప్పుడే మొదలవుతుంది.

ఈ నగరానికి మధుమేహం కొత్త కాదు. ఉష్ణమండల దేశాల్లో ఈ వ్యాధిపై 1907లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన చర్చలో కలకత్తా వైద్యుల పాత్ర ఉంది. కూర్చుని పనిచేసే చదువుకున్న బెంగాలీల్లో అది ఎక్కువని అప్పుడే గుర్తించారు. ఇప్పుడది ఏ ఒక్క వర్గానికో పరిమితం కాదు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు.

చక్కెర పెరిగితే కళ్లు, మూత్రపిండాలు, నరాలు, గుండె ఎందుకు దెబ్బతింటాయి? అమెరికా శాస్త్రవేత్త మైఖేల్ బ్రౌన్‌లీ 2001లో 'నేచర్' పత్రికలో ఒక వివరణ ఇచ్చారు. రక్తనాళాల లోపొరలోని కణాలు తమలోకి వచ్చే గ్లూకోజ్‌ను అడ్డుకోలేవు. రక్తంలో అది పెరిగితే కణంలోనూ పెరుగుతుంది. ఇంధనం మితిమీరినప్పుడు కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా నుంచి సూపరాక్సైడ్ అనే ఫ్రీ రాడికల్ ఎక్కువగా పుడుతుంది. శరీరంలోని యాంటీ ఆక్సిడెంట్లు దాన్ని అదుపు చేయలేని స్థితే ఆక్సిడేటివ్ స్ట్రెస్.

అయితే యాంటీ ఆక్సిడెంట్ మాత్ర వేసుకుంటే పోలేదా? 'హోప్' అధ్యయనంలో గుండెజబ్బు ముప్పున్న 9,500 మందికి పైగా రోగులను నాలుగున్నరేళ్లు పరిశీలించారు. వారిలో మధుమేహం ఉన్నవారూ ఎక్కువే. 2000లో ఫలితాలు వచ్చాయి. విటమిన్ ఇ వేసుకున్నవారికీ, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికీ గుండెపోటు, పక్షవాతం ముప్పులో తేడా కనిపించలేదు. పుట్టిన ఫ్రీ రాడికల్స్ వెంట పడటం కన్నా అవి ఎక్కువగా పుట్టకుండా చూసుకోవడమే మేలు.

అందుకు భోజనం తర్వాతి గంటలు కీలకం. 2006లో ఫ్రాన్స్ పరిశోధకులు 21 మంది మధుమేహ రోగులపై చేసిన చిన్న అధ్యయనంలో సగటు చక్కెర కంటే దాని ఎగుడుదిగుళ్లకే ఆక్సిడేటివ్ స్ట్రెస్‌తో ఎక్కువ సంబంధం కనిపించింది. పరగడుపు పరీక్ష బాగుందని నిశ్చింతగా ఉండేవారు భోజనమైన రెండు గంటలకూ చూసుకోవాలి.

ఆ పెరుగుదలను తగ్గించే ఒక పద్ధతి బెంగాలీ వంటింట్లోనే ఉంది. అక్కడి సంప్రదాయ భోజనం కాకరకాయ వేసిన శుక్తోతో, చేదుతో మొదలవుతుంది. కూరలు, మాంసకృత్తులు ముందు తిని పిండి పదార్థాలు చివర తింటే భోజనానంతర చక్కెర బాగా తగ్గుతుందని న్యూయార్క్‌లోని వీల్ కార్నెల్ పరిశోధకులు 2015లో చూపారు. శుక్తోనూ అన్నంలో కలుపుకునే తినడం అలవాటు. ఆ కూరనూ, చేపనూ ముందు తిని, అన్నం తగ్గించి చివర్లో తింటే ఈ పద్ధతి అక్కరకొస్తుంది. మిఠాయి రోజువారీ ముగింపు కాకూడదు.

రెండోది నడక. పనిచేసే కండరం రక్తంలోని గ్లూకోజ్‌ను లాక్కుంటుంది. భోజనం చేశాక 15 నిమిషాలు నడిచినా ప్రయోజనమే. రవీంద్ర సరోవరం చుట్టూ తెల్లవారుజామున నడవడం చాలామందికి అలవాటు. కానీ చలికాలం ఉదయాల్లో కాలుష్యం నేలకు దగ్గరగా పేరుకుంటుంది. ఆ సూక్ష్మ ధూళి కూడా ఆక్సిడేటివ్ స్ట్రెస్‌ను పెంచుతుంది. అలాంటి రోజుల్లో ఇంట్లోనే నడవడం నయం.

సిగరెట్ సంగతి మరీ సూటిగా ఉంటుంది. ప్రతి దమ్ములోనూ ఫ్రీ రాడికల్స్ ఉంటాయి. పొగతాగేవారికి టైప్-2 మధుమేహం వచ్చే అవకాశం 30 నుంచి 40 శాతం ఎక్కువని అమెరికా సర్జన్ జనరల్ 2014 నివేదిక తేల్చింది. నిద్ర చాలకపోయినా ఇన్సులిన్ పనితీరు మందగిస్తుంది.

ఒక హెచ్చరిక. ఇన్సులిన్, కొన్ని రకాల మాత్రలు వాడేవారు ఉన్నట్టుండి అన్నం తగ్గించినా, నడక పెంచినా చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. ముందు వైద్యుణ్ని అడిగి మందు మోతాదు సరిచేయించుకోవాలి.