ఈశాన్యం సరే, నీళ్లొస్తాయా?

హైదరాబాద్‌లో మొదటిసారి ఇల్లు అద్దెకు తీసుకునే జంట ఫ్లాటు ఎలా చూస్తుందో ఎప్పుడైనా గమనించండి. గుమ్మం దగ్గరే ఒకరు ఫోన్లో దిక్సూచి తెరుస్తారు. ఇంకొకరు ఊళ్లో ఉన్న అమ్మకు వీడియో కాల్ కలుపుతారు. "సింహద్వారం ఎటుంది నాన్నా? పొయ్యి ఆగ్నేయంలోనే ఉందా? ఈశాన్యంలో బాత్రూమ్ లేదు కదా?" పావుగంట చూపులో సగం దిక్కులకే పోతుంది. ఆ పావుగంటలో ఒక్కసారి కుళాయి తిప్పి చూసినవాళ్లు అరుదు. కరెంటు మీటరు ఆ ఫ్లాటుకు విడిగా ఉందా, లేక ఓనరు తన మీటరు నుంచి సబ్ మీటరు లాగి యూనిట్‌కు తనకు తోచిన రేటు కడతాడా అని అడిగేవాళ్లు ఇంకా అరుదు. పైగా శ్లాబులోని ఇనుప చువ్వల దగ్గర, లిఫ్టు పక్కన ఫోన్ దిక్సూచి తప్పు చూపిస్తుంది. ఆ తప్పుడు ఈశాన్యాన్ని చూసి తృప్తిపడి అడ్వాన్సు ఇచ్చి వస్తారు.

అద్దె ఇంటి వాస్తులో సొంతింటి వాస్తుకు లేని తమాషా ఒకటుంది. ఫలితం ఎవరికి? ఇల్లు ఎవరి పేరు మీద ఉంటే వాళ్లకే మంచీ చెడూ అని కొందరు సిద్ధాంతులంటారు. కాదు, అందులో పొయ్యి వెలిగించి కాపురం ఉన్నవాళ్లకే అని మరికొందరు. మొదటిది నిజమైతే అద్దెకు దిగేవాడు దిక్కులు చూడనక్కర్లేదు. రెండోది నిజమైతే అద్దెకిచ్చే ఇంటి గుమ్మం కోసం ఓనరు గోడలు పగలగొట్టనక్కర్లేదు. కానీ ఓనరు వెళితే ఓనరుకే అంటారు, అద్దెదారు వెళితే అద్దెదారుకే అంటారు. ఎవరు ఫీజు ఇస్తే ఫలితం వాళ్లదన్నమాట.

ఈ శాస్త్రాన్ని పరీక్షించాలంటే ప్రయోగశాల అక్కర్లేదు, అయిదంతస్తుల అపార్టుమెంటు చాలు. 101, 201, 301, 401, 501. ఒకదాని నెత్తిన ఒకటి, ఒకే ప్లాను. గుమ్మం అటే, పొయ్యి అక్కడే, మరుగుదొడ్డి ఆ మూలనే. ఆ అయిదు కుటుంబాల సంగతి వాచ్‌మన్‌ను అడగండి. ఒకరు స్థలం కొన్నారు, ఒకరి ఉద్యోగం పోయింది, ఒకరింట్లో విడాకులు, ఒకరికి కవలలు, ఇంకొకరికి ఏమీ కాలేదు. దిక్కులే బతుకును నడిపిస్తే ఈ అయిదు బతుకులకూ కొంతైనా పోలిక ఉండాలి. దీనికి సిద్ధాంతి దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది: "జాతకబలం కూడా కలిసి రావాలి." ఏది జరిగినా సరిపోయే జవాబు ఇది. ఏది జరిగినా సరిపోయేదాన్ని నమ్మి ఏమీ ముందుగా తెలుసుకోలేం.

దక్షిణం గుమ్మం సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే అద్దెదారుకు అందులో లాభం ఉంది. దక్షిణం యముడి దిక్కు కాబట్టి ఆ ఫ్లాట్లు ఎక్కువకాలం ఖాళీగా ఉంటాయి. యముణ్ణి పక్కనపెట్టి సూర్యుణ్ణి అడుగుదాం. హైదరాబాద్ ఉన్న అక్షాంశం సుమారు 17.4 డిగ్రీలు. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మన నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. మండే మే నెల చివర్లో దక్షిణపు గోడ మీద మిట్టమధ్యాహ్నం ఎండే పడదు. చలికాలంలో మాత్రం సూర్యుడు దక్షిణానికి వాలి ఆ గోడనే వెచ్చబెడతాడు. వేసవిలో మనల్ని ఉడికించేది పడమటి గోడ. సాయంత్రం దాకా ఎండ తాగి రాత్రంతా పడకగదిలోకి వేడి వదులుతుంది. కాబట్టి చూడాల్సింది గుమ్మం ఎటుందని కాదు, పడకగది గోడ ఎటుందని. అసలు అపార్టుమెంటులో తూర్పు గుమ్మమంటే ఏమిటి? చాలాచోట్ల అది కారిడార్‌లోకి తెరుచుకుంటుంది. అక్కడ ఉదయించేది ట్యూబులైటు. దక్షిణం గుమ్మం ఫ్లాటు కనబడితే మొహం చిట్లించినట్టు నటించండి, తర్వాత అద్దె తగ్గించమని అడగండి. ఓనరుకు ఆ భయం విలువ మనకంటే బాగా తెలుసు.

పాత గ్రంథాల్లో ఉందిగా అంటారు. ఉంది. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడి బృహత్సంహితలో వాస్తుకు ఒక అధ్యాయమే ఉంది. తెల్లమట్టి బ్రాహ్మణులకు, ఎర్రమట్టి క్షత్రియులకు, పసుపు మట్టి వైశ్యులకు, నల్లమట్టి శూద్రులకు అని అందులో ఉంది. ఇంటి కొలతలు కూడా వర్ణాన్ని బట్టి తగ్గుతూ పోతాయి. ఈ భాగాన్ని నేటి సిద్ధాంతులు పైకి చదవరు. చదివితే గుంటూరు నల్లరేగడిలో మేడలు కట్టుకున్న అగ్రవర్ణాల వాళ్లందరూ ఖాళీ చేయాల్సి వస్తుంది. ఒక మాట ఒప్పుకుంటాను: వీధి పోటున్న ఇల్లు వద్దనడంలో అర్థముంది. రాత్రి ప్రతి బండి లైటూ హాల్లోకి కొడుతుంది, దుమ్ము వస్తుంది, బ్రేకులు పడని లారీ వస్తే మొదట మనింటికే వస్తుంది. దానికి లారీ చాలు, గ్రహం అక్కర్లేదు.

చిన్నవాళ్లే నమ్ముతారనుకోకండి. తెలంగాణ పాత సచివాలయానికి వాస్తు బాగాలేదని నాటి ముఖ్యమంత్రి చంద్రశేఖరరావు బాహాటంగానే అన్నారు. 2020లో దాన్ని కూల్చారు, 2023 ఏప్రిల్ 30న కొత్తది ప్రారంభించారు. పాతది ఉండగా 2018లో గెలిచిన ఆయన పార్టీ, కొత్తది వచ్చిన ఏడాదే డిసెంబరులో ఓడిపోయింది. కొత్త భవనం వల్లే ఓడిందని నేననడం లేదు. అలా అంటే నేనూ సిద్ధాంతినే అవుతాను.

ఇక ముహూర్తం. ఆషాఢం శూన్యమాసం, ఇల్లు మారకూడదంటారు. బడులు తెరిచేది జూన్‌లో, ఆషాఢం మొదలయ్యేదీ ఇంచుమించు అప్పుడే. అందుకే మేలో ఇళ్ల కోసం తొక్కిసలాట. ఓనర్లు అద్దె పెంచేదీ, బ్రోకర్లు నెల అద్దె కమిషన్ నిక్కచ్చిగా గుంజేదీ అప్పుడే. ఆషాఢం వచ్చాక ఫ్లాటు ఖాళీగా పడుంటే ఓనరుకు నెలనెలా నష్టం. ఆ నెలలో వెళ్లి బేరమాడే జంటకు అద్దె తగ్గొచ్చు, కనీసం గోడలకు కొత్త రంగైనా రావొచ్చు. శుభానికి పనికిరాదనే ఆ నెలలోనే హైదరాబాద్ మొత్తం బోనాలు ఎత్తుకుని ఊరేగుతుంది! ఆషాఢంలో దిగితే ఇంకో లాభం కూడా ఉంది. వాన పడుతున్నప్పుడు ఇల్లు చూస్తే ఏ గోడ చెమ్మ తాగుతుందో, ఏ బాల్కనీ మడుగవుతుందో దాచడం ఓనరు తరం కాదు.

ఇంతవరకూ చెప్పింది అద్దెదారు సొంత నమ్మకం, సొంత నష్టం. అసలు చిక్కు ఓనరు నమ్మకంతో వస్తుంది. సొంతింట్లో ఎవరి నమ్మకం వాళ్లిష్టం. ఇల్లు అద్దెకు ఇచ్చేసరికి అదే నమ్మకం షరతవుతుంది. "మీ ఇంటిపేరేమిటి బాబూ?" అని ఓనరాంటీ అడిగేది అగ్రిమెంటులో రాసుకోవడానికి కాదు. ఇంటిపేరుతో కులం తేలకపోతే తర్వాతి ప్రశ్న "నాన్‌వెజ్ తింటారా?". 2014 నాటి కేంద్ర నమూనా సర్వేలో, 15 ఏళ్లు దాటిన వాళ్లలో మాంసాహారులు తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ 98 శాతం పైమాటే. ఇలాంటి చోట 'వెజిటేరియన్స్ ఓన్లీ' అనే టు-లెట్ బోర్డు వంట వాసన గురించి కాదని అందరికీ తెలుసు. వంకాయ పులుసుకు ఘాటు తక్కువా? అబద్ధం చెప్పి దిగమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. నేనివ్వను. ఆదివారం కుక్కర్ విజిల్ వేస్తుంటే కిటికీలు మూసుకుని బతకడం కంటే ఇంకో వీధి వెతుక్కోవడం నయం.

మొదటిసారి అద్దెకు దిగేవాళ్లకు ఎవరూ చెప్పని సంగతి, అన్నిటికంటే ముఖ్యమైనది, చావు. అద్దె ఇంట్లో ఉంటున్న మనిషి ఆసుపత్రిలో చనిపోతే శవాన్ని ఇంటికి తేనివ్వని ఓనర్లు మన పట్టణాల్లో కొల్లలు. రోడ్డు పక్కన టెంటు వేసి, వానలో టార్పాలిన్ కప్పి, పిల్లలు తండ్రి శవం దగ్గర రాత్రంతా కూర్చున్న వార్తలు జిల్లా పేజీల్లో ఎన్నిసార్లు చదవలేదు! మైల అంటారు, అరిష్టం అంటారు. మంచి నక్షత్రం కాదంటే ఇల్లు మూడు నెలలో ఆరు నెలలో మూసేయాలంటారు.

కాసేపు ఈ లెక్కే చూద్దాం. చావుకు మంచిది కాదనే ధనిష్ఠా పంచకం అంటే ధనిష్ఠ రెండో సగం నుంచి రేవతి దాకా. చంద్రుడు 27 నక్షత్రాలను దాదాపు 27 రోజుల్లో చుట్టేస్తాడు. అందులో ఈ పంచకానిది నాలుగున్నర రోజులు. ఆ మాటకొస్తే లోకంలో జరిగే ప్రతి ఆరు మరణాల్లో దాదాపు ఒకటి ఇందులోనే పడుతుంది. పంచకంలో మరణం ఇంటికి అరిష్టమైతే ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో ఏ వార్డూ ఏనాడూ తెరిచి ఉండకూడదు. అక్కడ మరుసటి గంటకే అదే మంచం మీద ఇంకో రోగి పడుకుంటాడు, నయమై ఇంటికీ వెళతాడు.

ఇందులో నన్ను మండించేది లెక్క తప్పడం కాదు. అదే ఓనరు తండ్రి పోతే శవం ఫ్రీజర్ పెట్టెలో హాలు మధ్యనే ఉంటుంది, బంధువులు వచ్చేదాకా రెండు రోజులైనా ఉంటుంది. అరిష్టం అప్పుడేమైంది? సొంతదారు శవానికి లేని మైల అద్దెదారు శవానికి ఎక్కడినుంచి వచ్చింది? ఇక్కడ పనిచేసేది నక్షత్రం కాదు, తర్వాత ఆ ఇంటికి అద్దె పలకదేమోనన్న బెంగ. ఆ బెంగకు శాస్త్రం ముసుగు వేస్తే మొహమాటపడకుండా చెప్పొచ్చు.

కాబట్టి పెద్దవయసు తల్లిదండ్రులతో దిగుతున్నవాళ్లు ముందే అడగాలి. నోరు రాదు, తెలుసు. "అంకుల్, రేపు మా ఇంట్లో ఏదైనా జరగరానిది జరిగితే ఇంటికే తెచ్చుకుంటాం, పదో రోజు దాకా ఇక్కడే చేసుకుంటాం" అని చెప్పేయాలి. మొహం మాడ్చుకుంటే ఆ ఇల్లు వద్దు. ఒప్పుకుంటే ఆ ముక్క అగ్రిమెంటులో పెట్టించాలి: ఇంట్లో పుట్టుక, చావు, జబ్బు కారణంగా ఖాళీ చేయమనకూడదని. అప్పటికీ అడ్డం తిరిగితే గుర్తుంచుకోవాల్సింది ఇది: అద్దె కడుతున్నంతకాలం ఆ ఇల్లు అద్దెదారు స్వాధీనంలో ఉన్నట్టు. అడ్డంకి లేకుండా అనుభవించే హక్కును 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే ఇచ్చింది. వేరే ఒప్పందం లేనప్పుడు నెలవారీ అద్దె ఇల్లు ఖాళీ చేయించాలంటే కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వాలి. గేటుకు తాళం వేయడం నోటీసు కాదు.

చావు జరిగిన ఇల్లు చవగ్గా దొరికితే? దెయ్యం తిరుగుతోందట అని వీధిలో చెప్పుకుంటారు. అద్దె తగ్గితే తీసుకోండి, కానీ ఆ మనిషి ఎలా పోయాడో కనుక్కోండి. బాత్రూములో స్పృహ తప్పి పోయాడంటే గ్యాస్ గీజర్ ఉందేమో చూడండి. గాలి ఆడని బాత్రూములో గ్యాస్ గీజర్ వెలిగితే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. విల్మర్ అనే అమెరికన్ కంటి డాక్టరు 1921లో ఒక కుటుంబం కథ రాశాడు. ఇంట్లో అడుగుల చప్పుళ్లు, ఆకారాలు, అందరికీ తలనొప్పులు. చివరికి తేలింది చెడిపోయిన కొలిమి నుంచి వస్తున్న ఆ వాయువే. కొలిమిని బాగుచేశాక దెయ్యాలూ పోయాయి. మన ఇళ్లలో ఆ దెయ్యం గీజర్లో ఉంటుంది. వెంటిలేటరు తెరిచి ఉందా, గీజరు బయట గోడకు పెట్టొచ్చా అని అడగడం ఏ శాంతి పూజకన్నా ఎక్కువ పని చేస్తుంది.

మిగతావి మామూలు సంగతులే, అయినా చెప్పాలి. ఇల్లు పొద్దున్నే నీళ్లొచ్చే వేళ ఒకసారి, రాత్రి ఒకసారి చూడండి. మంజీరా నీళ్లు ఎన్ని రోజులకోసారి, బోరులో ఎండాకాలం నీళ్లుంటాయా, ట్యాంకరు డబ్బు మెయింటెనెన్స్‌లోనా వేరుగానా అన్నది ఓనరును కాదు, పై ఫ్లాటులో అద్దెకున్నవాళ్లను అడగండి. అగ్రిమెంట్లు 11 నెలలకే రాస్తారు, ఎందుకంటే ఏడాది దాటే లీజును 1908 నాటి చట్టం ప్రకారం రిజిస్టరు చేయాలి. 2021 నాటి కేంద్ర నమూనా అద్దె చట్టం అడ్వాన్సు రెండు నెలల అద్దె మించకూడదంది. నమూనా కాబట్టి రాష్ట్రం చట్టం చేస్తే తప్ప అది ఓనరును కట్టడి చేయదు, కానీ బేరంలో పనికొస్తుంది. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో నెల అద్దె కోసేయడం మన ఆచారాల్లో నిలకడైనది. ఏ పంచాంగంలోనూ లేకపోయినా ఎవరూ తప్పరు. దిగిన రోజే ప్రతి గోడా ఫోటో తీసి ఓనరుకు వాట్సాప్‌లో పంపేయండి.

పాలు పొంగిస్తారా? పొంగించుకోండి, కొత్త ఇంట్లో మొదట పరమాన్నం తినడానికి ఎవరూ అడ్డు చెప్పరు. పొయ్యి వెలిగించేముందు సిలిండరు రబ్బరు గొట్టం మీద ఉన్న తేదీ చూడండి. అయిదేళ్లు దాటితే మార్చాలి.