ఇంటి చదువు సరే, కాగితాల సంగతేమిటి?

బడి మానిపించి పిల్లల్ని ఇంట్లోనే చదివించి, ఓపెన్ స్కూలు ద్వారా పది, పన్నెండు రాయించే కుటుంబాలు మనలోనూ ఉన్నాయి. పిల్లవాడి ఆరోగ్యం, ఆటల శిక్షణ, తండ్రి బదిలీ, నీట్ కోచింగ్, ఉన్న బడి నచ్చకపోవడం: ఒక్కో ఇంటికి ఒక్కో కారణం. ఆ నిర్ణయం మంచిదా కాదా అన్నది తల్లిదండ్రులు తేల్చుకోవలసిన మాట. నేను చెప్పదలచింది దాని తర్వాత వచ్చే మాట. ఇంటి నుంచి మళ్ళీ కాలేజీకి, అంటే ఒక ఏర్పాటులోంచి మరో ఏర్పాటులోకి మారేటప్పుడు, పిల్లవాడి చదువుకు రుజువు ఏ కాగితంలో ఉంది? ఈ ప్రశ్న సాధారణంగా సీటు కోసం క్యూలో నిలబడ్డాకే గుర్తొస్తుంది. సరిహద్దు జిల్లాలో ఉన్న మనం అప్పటిదాకా ఆగకూడదు.

ఎందుకో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు వెళ్ళాయి. బళ్ళారి తాలూకా ఎటు అన్న తగవు ఎల్.ఎస్. మిశ్రా కమిషన్ దాకా పోయి, చివరికి మైసూరు రాష్ట్రంలో చేరింది. గీత పడింది గానీ చుట్టరికాలు తెగలేదు. ఈనాటికీ అత్తగారి ఊరు ఆదోని, మేనమామ ఊరు గుంతకల్లు అయిన ఇళ్ళు మనలో ఎన్నో. పిల్లలు మూడేళ్ళు ఇక్కడ, మూడేళ్ళు అక్కడ హాస్టల్లో చదవడం మనకు వింత కాదు. కానీ సీట్లు ఇచ్చే నియమాలు ఆ గీతను చూస్తాయి, చుట్టరికాన్ని చూడవు.

ముందుగా చట్టం. 2009 నాటి విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు వర్తిస్తుంది. అందులోని 5వ సెక్షను ప్రకారం పిల్లవాడు బడి మారతానంటే హెడ్మాస్టరు వెంటనే టి.సి. ఇవ్వాలి. టి.సి. తేవడం ఆలస్యమైందన్న కారణంతో కొత్త బడి చేర్చుకోకుండా ఉండడానికి వీల్లేదు. కావాలని ఆలస్యం చేసిన హెడ్మాస్టరు మీద శాఖాపరమైన చర్య తీసుకోవచ్చు. 4వ సెక్షను ప్రకారం మధ్యలో బడికి దూరమైన పిల్లవాణ్ణి వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. కాబట్టి ఎనిమిదో తరగతి వరకు, ఇంటి నుంచి బడికి తిరిగి వెళ్ళడానికి చట్టం అండ ఉంది. తొమ్మిదిలో అడుగు పెట్టాక ఆ అండ ఉండదు. అక్కడి నుంచి ప్రతి గడపలోనూ కాగితమే మాట్లాడుతుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్ళు చెప్పేది విని కొందరు ఇంట్లోనే మార్కుల పట్టీ తయారు చేసుకోవచ్చనుకుంటారు. టెక్సాస్ వంటి రాష్ట్రాల్లో ఇంటి చదువును ప్రైవేటు బడి చదువుగా లెక్కిస్తారు. 1994లో అక్కడి సుప్రీంకోర్టు ఆ మాట ఖాయం చేసింది. తల్లిదండ్రులు రాసిచ్చిన ట్రాన్‌స్క్రిప్టును అక్కడి కాలేజీలు చూస్తాయి. మన దేశంలో ఆ పద్ధతి లేదు. ఇక్కడ ఇంటి చదువుకు విలువ వచ్చేది ఏదో ఒక గుర్తింపు పొందిన బోర్డు పరీక్ష రాసి మార్కుల కార్డు చేతికి వచ్చినప్పుడే. ఆ బోర్డుల్లో పెద్దది ఎన్‌ఐఓఎస్. 1989లో నేషనల్ ఓపెన్ స్కూలుగా మొదలై 2002లో ఈ పేరు తెచ్చుకుంది. పదో తరగతిని తెలుగు మాధ్యమంలో కూడా రాయవచ్చు.

ఇప్పుడు అసలు చిక్కు. రెండు రాష్ట్రాల లెక్కలు పక్కపక్కన పెట్టి చూడండి.

కర్ణాటకలో సీఈటీ సీటుకు ఎక్కువమంది వాడుకునే ‘ఎ’ నిబంధన ప్రకారం, ఒకటో తరగతి నుంచి పన్నెండు లోపల కనీసం ఏడు విద్యా సంవత్సరాలు రాష్ట్రంలోని గుర్తింపు పొందిన బడుల్లో చదివి ఉండాలి. పది గానీ పన్నెండు గానీ కర్ణాటకలో పాసై ఉండాలి. రుజువుగా ఏడాదివారీ స్టడీ సర్టిఫికెట్లు, వాటి మీద బీఈఓ సంతకం కావాలి. ఆంధ్రలో 371డి కింద వచ్చిన 1974 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం, అర్హత పరీక్ష రాసిన ఏడాదితో ముగిసే వరుస నాలుగేళ్ళు ఆ ప్రాంతంలో చదివినవాడు స్థానికుడు. ఆ నాలుగేళ్ళలో ఏ బడిలోనూ చదవకపోతే, పరీక్షకు ముందు నాలుగేళ్ళు ఆ ప్రాంతంలో నివాసం ఉన్నా సరిపోతుంది.

తేడా గమనించారా? బడికి వెళ్ళని పిల్లవాణ్ణి ఆంధ్ర నియమం ‘ఇల్లు ఎక్కడ?’ అని అడుగుతుంది. కర్ణాటక నియమం ‘బడి ఎక్కడ?’ అని అడుగుతుంది. మన ఇళ్ళు బళ్ళారిలో ఉన్నాయి కాబట్టి ఆంధ్ర ఇచ్చిన వెసులుబాటు మనకు అక్కరకు రాదు. ఇంట్లో చదివిన ఏళ్ళకు బడి సర్టిఫికెట్ ఉండదు కాబట్టి కర్ణాటక లెక్కలో అవి ఖాళీగా మిగులుతాయి.

ఒక పిల్లవాణ్ణి అనుకుందాం. ఒకటి నుంచి అయిదు బళ్ళారిలో, ఆరు నుంచి ఎనిమిది ఆదోనిలో, తొమ్మిది నుంచి పన్నెండు బళ్ళారిలో ఇంటి దగ్గర ఓపెన్ స్కూలు. కర్ణాటక బడుల్లో చదివింది అయిదేళ్ళే, రెండేళ్ళు తక్కువ. ఆంధ్రలో చివరి నాలుగేళ్ళు చదువూ లేదు, నివాసమూ లేదు. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే. తెలివైన పిల్లవాడే, మార్కులూ ఉన్నాయి, సీటు దగ్గర మాత్రం రెండు వైపులా పరాయివాడు.

అదే పిల్లవాడు ఎనిమిది దాకా బళ్ళారిలోనే చదివి ఉంటే ఎనిమిదేళ్ళూ చేతిలో ఉన్నట్టే. అయినా ‘కర్ణాటకలో పాసు’ అన్న రెండో షరతు మిగిలే ఉంటుంది. కనుక ఓపెన్ స్కూల్లో పేరు రాయించేటప్పుడు స్టడీ సెంటరు, పరీక్షా కేంద్రం రెండూ కర్ణాటకలోవే ఎంచుకోండి. సులువని ఆంధ్ర సెంటరు పెట్టుకోవద్దు. మీ పిల్లవాడి లెక్కకు ఏ నిబంధన వర్తిస్తుందో కేఈఏకు ముందే రాతపూర్వకంగా రాసి జవాబు దాచుకోండి.

దీర్ఘకాలంగా ఇక్కడే ఉన్న మనకు ఇంకో దారి ఉంది. తల్లి గానీ తండ్రి గానీ కర్ణాటకలో ఏడేళ్ళు చదివి ఉండి, పిల్లవాడు పీయూసీ రెండేళ్ళూ ఇక్కడి గుర్తింపు పొందిన కాలేజీలో చదివి పాసైతే అర్హత ఇచ్చే నిబంధన కూడా సీఈటీలో ఉంది. అంటే పైన చెప్పిన పిల్లవాడు పది తర్వాత ఇంటి చదువు ఆపి పీయూసీలో చేరితే గట్టెక్కవచ్చు. దానికి మీ స్టడీ సర్టిఫికెట్ కావాలి. మీరు చదివిన బడి మూతపడితే రికార్డు ఎక్కడుందో బీఈఓ ఆఫీసులో ఇప్పుడే వాకబు చేయండి. నిబంధనలు ఏటా బ్రోచరులో వస్తాయి, ఆ ఏటి ప్రతి చదివాకే అడుగు వేయండి.

371జె సర్టిఫికెట్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండవద్దు. కల్యాణ కర్ణాటక ప్రాంతపు రిజర్వేషనుకు అది అవసరమే. కానీ ఏడేళ్ళ చదువు రుజువు స్థానంలో అది నిలబడదు. రెండూ వేర్వేరు ఫైళ్ళు.

ఇక ఏర్పాటు మార్చే ముందు చేయవలసినవి, వరుసలో:

1. బడి వదిలే రోజునే టి.సి.తో పాటు అన్ని తరగతుల స్టడీ సర్టిఫికెట్లు, తొమ్మిదో తరగతి మార్కుల కార్డు తీసుకోండి. విదేశీ కాలేజీలు తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగేళ్ళ మార్కులూ అడుగుతాయి. తొమ్మిది మార్కులు బడి రిజిస్టరులో తప్ప ఇంకెక్కడా దొరకవు.

2. పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ అన్ని కాగితాల్లో ఒకేలా ఉన్నాయా చూడండి. మనకు ఇంటిపేరు ముందు రాస్తారు, ఇక్కడ ఇనిషియల్ చివర పెడతారు. కన్నడం నుంచి ఇంగ్లీషులోకి వచ్చేటప్పుడు ఒక్క అక్షరం మారినా తర్వాత అఫిడవిట్ల దాకా పోతుంది. పదో తరగతి అప్లికేషనుకు ముందే సరిచేయించండి.

3. కంప్యూటరు రికార్డు చూసుకోండి. కర్ణాటకలో ప్రతి విద్యార్థికీ శాట్స్ నంబరు, దేశం మొత్తానికి యూడైస్ ప్లస్‌లో పెన్ నంబరు ఉంటాయి. పాత బడి పిల్లవాణ్ణి వదిలినట్టు నమోదు చేయకపోతే కొత్త బడి తన జాబితాలోకి తీసుకోలేదు. ఆ నంబర్లు రాసిపెట్టుకోండి. 2023లో మొదలైన పన్నెండంకెల అపార్ నంబరు ఉంటే అదీ.

4. బోర్డు పరీక్ష రాసి కొన్ని సబ్జెక్టులే పాసైన పిల్లవాడు ఓపెన్ స్కూలుకు మారితే, పాసైన వాటిలో గరిష్ఠంగా రెండింటి మార్కులు బదిలీ చేసుకోవచ్చు. ఆ సంగతి అడ్మిషన్ ఫారంలోనే రాయాలి.

5. ఓపెన్ స్కూలు నుంచి బయటికి వచ్చేటప్పుడు మార్కుల కార్డు, పాస్ సర్టిఫికెట్, మైగ్రేషన్ సర్టిఫికెట్ మూడూ ఉండాలి. మైగ్రేషన్ ఒరిజినల్ ఒక్కటే ఉంటుంది, ఏ కాలేజీకైనా ఇచ్చే ముందు జెరాక్సులు తీసి, అందినట్టు రసీదు తీసుకోండి. పీయూసీలో చేరేవాళ్ళు ఎలిజిబిలిటీ సర్టిఫికెట్ కావాలా అని డీడీపీయూ ఆఫీసులో ముందే అడగండి.

గుమాస్తాగా ఏళ్ళ తరబడి ఫైళ్ళు కదిలించినవాడిగా ఒక మాట చెబుతాను. నోటిమాటగా వచ్చిన హామీ కౌంటరు మారగానే పోతుంది. తేదీ, రసీదు నంబరు ఉన్న కాగితానికే ఆఫీసులో ఆయుష్షు ఉంటుంది.

ప్రభుత్వాన్ని అడగవలసినదీ ఉంది. ఓపెన్ స్కూల్లో చదివే పిల్లల మీద చిన్నచూపు తగ్గుతోంది. నీట్‌కు వాళ్ళు పనికిరారన్న నిబంధనను 2018లో ఢిల్లీ హైకోర్టు కొట్టివేసింది. మరి ఇక్కడ ఇల్లుండి, రేషను కార్డుండి, ఇక్కడే పరీక్ష రాసిన పిల్లవాడి ఇంటి చదువు ఏళ్ళను కర్ణాటక తన ఏడేళ్ళ లెక్కలో ఎందుకు కలపకూడదు? నివాసాన్ని చూసే పద్ధతి పక్క రాష్ట్రంలో 1974 నుంచీ ఉంది. మనం కోరేది తెలుగువాళ్ళకు ప్రత్యేక వరం కాదు. కన్నడ ఇంటి పిల్లవాడికీ ఇదే చిక్కు, అతనికీ ఇదే న్యాయం జరగాలి.

ఆ కోరికతో వినతిపత్రం సిద్ధం చేస్తున్నాం. ఇంటి చదువు పిల్లలున్న కుటుంబాలు తరగతి, ఊరు, ఏడాది వేసిన ఒక పట్టిక రాసి, జెరాక్సులు జతచేసి సంఘం ఆఫీసుకు తెండి. ఏ ఏళ్ళకు కాగితం ఉందో, ఏ ఏళ్ళకు లేదో ఆ పట్టిక వేస్తేనే మీకూ తెలుస్తుంది.