ఒక్క సీజన్ ఆడిన జట్టు



పోయిన నెల ఏడో తరగతికి ఇంగ్లిష్ కాంప్రహెన్షన్ కోసం ఒక ఫుట్‌బాల్ జట్టు కథ తీసుకున్నాను. జట్టు పేరు సిన్సినాటి కిడ్స్. 1978లో అమెరికాలో ఎర్ల్ ఫోర్‌మన్, ఎడ్ టెపర్ అనే ఇద్దరు ఆరు జట్లతో మేజర్ ఇండోర్ సాకర్ లీగ్ మొదలుపెట్టారు. ఆ ఆరింటిలో ఇదొకటి.

ఐస్ హాకీ హాళ్లలో కృత్రిమ గడ్డి పరిచి ఆడేవారు. గోల్‌కీపర్‌తో కలిపి వైపుకి ఆరుగురే. చుట్టూ అడ్డుగోడ ఉంటుంది, బంతి దానికి తగిలి వెనక్కొచ్చినా ఆట ఆగదు. తప్పు చేసినవాడు రెండు నిమిషాలు బయట కూర్చోవాలి. (ఈ రూల్ మన క్లాసులో కూడా పెట్టమని పిల్లలు అడిగారు. ఎవరి కోసమో నేను చెప్పను.)

లీగ్ మొదటి మ్యాచ్ 1978 డిసెంబర్ 22న న్యూయార్క్ దగ్గర నాసో కొలీజియంలో జరిగింది. కిడ్స్ యజమానుల్లో ఒకరైన బేస్‌బాల్ స్టార్ పీట్ రోజ్ లాంఛనంగా బంతి తన్ని ఆట మొదలుపెట్టారు. న్యూయార్క్ యారోస్ 7-2తో గెలిచింది. ఆ ఒక్క సీజన్ అయ్యాక 1979లో కిడ్స్ జట్టు మూతపడింది. యారోస్ మొదటి నాలుగు టైటిళ్లూ గెలిచి, 1984లో అదీ పోయింది. లీగ్ 1992 వరకు నడిచింది.

చదవడం పూర్తవగానే ఒక పాప అడిగింది: "ఒక్క ఏడాదికే మూసేశారుగా మ్యామ్, మరి మనమెందుకు చదవాలి?"

ఆ ప్రశ్న నాకు కొత్త కాదు. మన స్కూల్ ఫుట్‌బాల్ జట్టు ఇంటర్ బ్రాంచ్ పోటీల్లో ఓడిపోయాక పేరెంట్స్ మీటింగ్‌లో అదే విన్నాను. "ఓడిపోయారు కదా మేడమ్, ఆ టైంలో ఒలింపియాడ్ కోచింగ్‌కి పంపిస్తాం." ఫీజులు, మార్కులు, రోజుకున్న గంటలు అన్నీ మీరే చూసుకోవాలి, మీ ఇబ్బంది నాకు తెలుసు. నేనే డిసెంబర్‌లో సిలబస్ కాలేదని రెండు గేమ్స్ పీరియడ్లు తీసేసుకున్నాను. అయినా కప్పు రాలేదన్న ఒక్క కారణంతో మాన్పించడం సరికాదని నా అభిప్రాయం. నాసోలో ఆ రాత్రి గెలిచింది యారోసే కావచ్చు, కానీ ఎదురుగా నిలబడడానికి కిడ్స్ రాకపోతే అక్కడ మ్యాచే లేదు. పైగా ఇంట్లో ఒకరిని మాన్పిస్తే ఆగేది ఆ ఒక్కరి ఆట కాదు. మన పదకొండు మందిలో నలుగురు మానేశారు. మిగతా ఏడుగురూ సాయంత్రం గేటు దగ్గర బంతి పట్టుకుని నిలబడుతున్నారు.

ఏడుగురితో పూర్తి ఫుట్‌బాల్ కుదరదు. ఆరుగురి ఆట అయితే, ఇంకో ఐదుగురు వస్తే రెండు జట్లవుతాయి. మన ఆవరణ కూడా దానికి సరిపోతుంది. పీఈటీ సార్ శుక్రవారం దాకా పేర్లు రాసుకుంటానన్నారు. నేను తీసుకున్న రెండు పీరియడ్లూ ఆయనకు తిరిగిచ్చేస్తున్నాను.