మన ఊళ్లో తయారయ్యే మాత్ర మనమూ మింగుదాం
పరవాడ మండల ప్రజలకు ఒక విజ్ఞప్తి



బోదకాలు మాత్రలు పంచే రోజున మన వీధుల్లో జరిగేది మీకు తెలియంది కాదు. ఆశ కార్యకర్త గుమ్మం ముందు నిలబడి, ఇంట్లో ఎంతమంది, ఎవరి వయసెంత అని అడిగి, మాత్రలు లెక్కపెట్టి చేతిలో పెడుతుంది. "అన్నం తిన్నాక వేసుకుంటాంలేమ్మా" అంటాం. ఎండలో ఇంకా ముప్ఫై గడపలు ఎక్కాల్సిన మనిషి, ఎంతసేపని నిలబడుతుంది? మాత్రలు దేవుడి పటం వెనక్కో ఫ్రిజ్ మీదకో చేరతాయి. పండక్కి ఇల్లు దులిపినప్పుడు చెత్తలోకి పోతాయి. రిజిస్టరులో మాత్రం మనమంతా మందు మింగినవాళ్లమే.

నేనూ అలా చేసినవాణ్ణే. "కాలు బాగానే ఉంది కదా, నాకెందుకీ మందు" అనుకున్నవాణ్ణే. ఆ మాత్ర చరిత్ర, బోదకాలు తెచ్చే పురుగు బతుకు తెలిశాక ఆ పని తప్పని అర్థమైంది. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆ మాత్ర పేరు డైఇథైల్ కార్బమజీన్. ఆసుపత్రిలో డీఈసీ అంటారు. దాన్ని లోకానికిచ్చిన బృందానికి పెద్ద మన తెలుగువాడు, యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదివి, మద్రాసులో వైద్యం నేర్చి, 1923లో అమెరికా వెళ్లారు. తోడబుట్టినవాణ్ణి ఉష్ణదేశాల జబ్బు స్ప్రూ పొట్టనబెట్టుకున్న ఇల్లు వాళ్లది. న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనకు సారథ్యం వహిస్తున్నప్పుడు, 1947లో ఆయన బృందం ఈ మందును బయటపెట్టింది. రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్ దీవుల్లో పోరాడిన అమెరికా సైనికులకు బోదకాలు పురుగు సోకడంతో అమెరికాకూ దాని మందు అవసరమైంది. అంతవరకూ అది పేదల జబ్బు, ఎవరికీ పట్టని జబ్బు. మరుసటి ఏడాదే, 1948లో, సుబ్బారావుగారు కన్నుమూశారు.

ఇక మన ఊరి సంగతి. 2012 జనవరి 30న లండన్‌లో మందుల కంపెనీలు, ప్రభుత్వాలు, దాతలు కలిసి, ఇలా వెనక్కి నెట్టేసిన జబ్బుల్ని తరిమేస్తామని మాటిచ్చారు. జపాన్‌కు చెందిన ఐసాయ్ కంపెనీ 220 కోట్ల డీఈసీ మాత్రల్ని ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఉచితంగా ఇస్తానంది. 2013లో సరఫరా మొదలుపెట్టింది. ఆ మాత్రలు తయారైంది ఎక్కడో కాదు, మన పరవాడ ఫార్మాసిటీలోని వాళ్ల ఫ్యాక్టరీలోనే. ఇండోనేషియాలో, పపువా న్యూ గినీలో పిల్లలు మింగిన మాత్ర మన తాడి, తానాం ఊళ్ల పక్కనుంచి వెళ్లింది. మన ఆశ కార్యకర్త చేతిలోది అదే కంపెనీ మాత్ర కాకపోవచ్చు. మందు మాత్రం అదే.

తెలుగువాడి బుర్రలో పుట్టి, మన ఊళ్లో తయారై, సముద్రాలు దాటిన మందు అది. అది మన ఇంట్లో దేవుడి పటం వెనక ఎండిపోవడం నాకు చాలా బాధగా ఉంది.

మా వీధిలో నా చిన్నప్పుడు ఒక పెద్దావిడ ఉండేది. ఒక కాలు స్తంభంలా వాచి, అడుగు వేయాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చేది. పిల్లలం ఆమెను కాలి పేరుతోనే పిలిచేవాళ్లం. అసలు పేరేమిటో ఆమె పోయిన రోజున గాని నాకు తెలియలేదు. పెళ్లిళ్లకు వెళ్లేది కాదు, రామకోవెల మెట్లెక్కేది కాదు. ఆ వాపు ముసలితనంలో వచ్చిందని అందరం అనుకున్నాం. అది పొరపాటు.

బోదకాలు పురుగు చాలాసార్లు చిన్నతనంలోనే ఒంట్లోకి చేరుతుంది. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ రాత్రిపూట కుట్టి దాన్ని ఎక్కిస్తుంది. దారప్పోగులాంటి ఆ పురుగు శోషరస నాళాల్లో ఆరేడేళ్లు బతుకుతుంది. లక్షల పిల్లల్ని నెత్తుటిలోకి వదులుతుంది. పైకి ఏ బాధా ఉండదు. పిల్లాడు బడికెళ్తాడు, బంతాట ఆడతాడు, లోపల నాళాలు మెల్లగా పాడైపోతుంటాయి. కాలు వాచేది పెద్దయ్యాక. అప్పటికి మందు వేసినా వాచిన కాలు పూర్వంలా కాదు. కాబట్టి ఇది కాళ్లు వాచిన ముసలివాళ్ల జబ్బు అనుకోకండి. ఒకటో తరగతి పిల్లాడి జబ్బు.

ఈ మందు ఒక్కరు వేసుకుంటే చాలదు. మందు నెత్తుటిలోని పురుగు పిల్లల్ని బాగా చంపుతుంది, పెద్ద పురుగుల్ని మాత్రం అన్నిటినీ చంపలేదు. అందుకే ఏటా ఒకసారి చొప్పున, కనీసం ఐదేళ్లపాటు, ఊరి జనాభాలో నూటికి 65 మందికి తక్కువ కాకుండా మింగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కగట్టింది. అప్పుడు దోమ ఎవరిని కుట్టినా దానికి పురుగు దొరకదు. మనకు సముద్రం అవతలున్న శ్రీలంక ఆ లెక్క పూర్తిచేసి, 2016లో బోదకాలు బెడద తీరిందని ధ్రువీకరణ పొందింది. మన దేశం 2027 గడువుగా పెట్టుకుంది.

లెక్క తీరిందో లేదో తేల్చేది కూడా పిల్లలే. మాత్రల పంపిణీ ఆపొచ్చా అని చూడటానికి ఆరేడేళ్ల పిల్లల వేలి నుంచి కొన్ని చుక్కల రక్తం తీసి, ఒక పట్టీ మీద వేసి, పది నిమిషాల్లో ఫలితం చూస్తారు. పంపిణీ మొదలయ్యాక పుట్టిన పిల్లలు కాబట్టి, వాళ్లలో పురుగు కనిపించిందంటే దోమ ఇంకా దాన్ని మోస్తూనే ఉందన్నమాట. పట్టీ మీద ఒక గీత వస్తే పురుగు లేనట్టు, రెండు గీతలొస్తే ఉన్నట్టు. ఈ పరీక్ష వెనక ఎన్నో దేశాల్లో ఏళ్లతరబడి సాగిన పరిశోధన ఉంది. ఆ పరిశోధనకు అసలు ఆధారం తమ పిల్లాడి వేలు చాచనిచ్చిన అమ్మానాన్నలే.

మందంటే, పరీక్షంటే జనం ఎందుకు జంకుతారో నాకు తెలుసు. ఆ జంకుకు కారణాలున్నాయి. 2009లో ఖమ్మం జిల్లాలో పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసే అధ్యయనం మొదలైంది. చాలామంది పిల్లల తరఫున తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. కొందరు పిల్లలు చనిపోవడంతో 2010లో దాన్ని ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ సంఘం తేల్చింది, కానీ అనుమతి తీసుకున్న తీరును తప్పుపట్టింది. అడిగి, చెప్పి చేయకపోతే మంచి పని మీద కూడా నమ్మకం పోతుంది. కాబట్టి కళ్లు మూసుకుని మింగమని నేను చెప్పను. ఇదేం మందు, ఎందుకు, ఎవరికి వద్దు అని అడగండి. పరిశోధన పేరుతో ఎవరైనా మీ పిల్లల రక్తం అడిగితే, తెలుగులో రాసిన అనుమతి పత్రం చదివి, ఇష్టమైతేనే సంతకం పెట్టండి. ఇష్టం లేకపోతే వద్దనే హక్కు మీది. జవాబు సరిగ్గా దొరికాక మాత్రం వెనక్కి తగ్గకండి.

అందరినీ నేను కోరేది ఇదీ.

తల్లిదండ్రులారా, మాత్రల పంపిణీ ప్రకటించిన రోజున కాస్త ఏదైనా తిని ఉండండి. పరగడుపున వద్దు. ఆశ కార్యకర్త ఎదుటే మింగండి, పిల్లల చేత మింగించండి. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రంగా జబ్బుపడ్డవాళ్లకు ఇవ్వరు. మింగాక కొందరికి జ్వరం, తలనొప్పి, కళ్లు తిరగడం రావొచ్చు. ఒంట్లో పురుగులు చస్తున్నందువల్ల అలా అవుతుంది, సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. తగ్గకపోతే ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి.

పంతుళ్లకు, పంతులమ్మలకు మనవి. బడిలో వేలి పరీక్షకు వస్తే ముందురోజే తల్లిదండ్రుల్ని పిలిచి విషయం చెప్పండి. భయపడే పిల్లాడి పక్కన మీరు కూర్చుంటే వాడు వేలు చాస్తాడు.

పంచాయతీ పెద్దలారా, ఈ దోమకు ఇల్లు మన మురుగు కాల్వే. కాల్వల్లో పూడిక తీయించండి. ప్రతి సెప్టిక్ ట్యాంకు గొట్టానికి జాలీ కట్టించండి. రాత్రిపూట రక్తం తీసే బృందం వస్తే వెంట ఒక మనిషిని పంపండి. ఆ పురుగు పిల్లలు నెత్తుటిలో పైకి తేలేది రాత్రివేళే. అందుకే వాళ్లు చీకటి పడ్డాక వస్తారు గాని, మరో ఉద్దేశంతో కాదు.

ఫార్మాసిటీ యాజమాన్యాలకు, కాంట్రాక్టర్లకు, గదులు అద్దెకిచ్చే ఇంటివాళ్లకు ప్రత్యేకంగా చెబుతున్నాను. బీహార్, జార్ఖండ్, ఒడిశా, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వచ్చి మన దగ్గర షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు ఏ రిజిస్టరులోనూ ఉండరు. ఇల్లిల్లూ తిరిగే వేళకు పనిలో ఉంటారు. వాళ్ల ప్రాంతాల్లో ఈ జబ్బు బెడద ఎక్కువ. వాళ్లు జబ్బు తెచ్చారని అనడం లేదు, మనం లెక్కలోంచి వదిలేస్తున్నామని అంటున్నాను. గేటు దగ్గరే, క్యాంటీన్‌లో భోజనం అయ్యాకే మాత్ర అందేలా ఆరోగ్యశాఖతో మాట్లాడండి. వాళ్ల పిల్లలూ మన బడిలోనే చదువుతున్నారు.

ఇప్పటికే కాలు వాచినవాళ్లు మీ ఇంట్లో ఉంటే దాచకండి. రోజూ సబ్బుతో కాలు కడిగి, వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడిచి, కూర్చున్నప్పుడు కాలు ఎత్తు మీద పెట్టుకుంటే జ్వరంతో వచ్చే వాపు పోట్లు తగ్గుతాయి. వాళ్లను పేరుపెట్టి పిలవండి.

ఏదో ఒక రోజు మన బడిలో ఒకటో తరగతి పిల్లాడు వేలు చాస్తాడు. పది నిమిషాల తర్వాత ఆ పట్టీ మీద ఒక్క గీతే కనిపించాలి. అది ఆ రోజు తేలే సంగతే గాని, తేల్చేది ఈసారి ఆశ కార్యకర్త మన గుమ్మం ముందు నిలబడ్డప్పుడు మనం చేసే పని. ఆమెను నిలబెట్టకుండా కాసేపు కూర్చోబెట్టి, ఒక గ్లాసు మంచినీళ్లిచ్చి, అవే నీళ్లతో మనమూ మాత్ర మింగుదాం.

ఇట్లు,
పరవాడ వాసి