ఆదోని కొండకు వచ్చినవాళ్లు రాత్రికి ఆగాలంటే

గ్రీసులో డెల్ఫీ శిథిలాలను చూసినవారు సాయంత్రానికి ఏథెన్సు చేరిపోవచ్చు. చలికాలంలో మాత్రం పక్కనున్న అరాహోవాలో బస చేసేవాళ్లు ఎక్కువ. అందుకు కారణం పార్నాసస్ పర్వతం మీద కురిసే మంచు. 1976లో అక్కడ స్కీయింగ్ కేంద్రం మొదలయ్యాక, గొర్రెలనూ మగ్గాలనూ నమ్ముకున్న ఆ కొండ ఊరికి చలికాలంలోనూ ఆదాయం దొరికింది.

ఆదోనిలో మంచు పడదు. శిథిలాలకు మాత్రం కొదవ లేదు. విజయనగర రాజుల చేతి నుంచి బీజాపూరు సుల్తానులకు, వాళ్ల నుంచి ఔరంగజేబు సేనలకు, ఆపైన నిజాం వంశానికి దక్కిన కోట ఇది. 1786లో టిప్పు సుల్తాన్ నెల రోజులు ముట్టడించి పట్టుకున్నాడు, గోడలు కూలగొట్టించాడు. బీజాపూరు తరఫున ఇక్కడ ఏలిన సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు నేటికీ నిలిచి ఉంది. రాఘవేంద్రస్వామికి మంచాల గ్రామాన్ని (నేటి మంత్రాలయాన్ని) ఇచ్చింది కూడా ఆయనేనని మంత్రాలయం సంప్రదాయం చెబుతుంది. అయినా మంత్రాలయం వచ్చే భక్తుల్లో ఎమ్మిగనూరు దాటి ఈ కోట దాకా వచ్చేవారు బహు తక్కువ. వచ్చినా గంటసేపు చూసి వెళ్లిపోతారు.

వాళ్లను రాత్రికి ఆపగలిగేది ఇక్కడి బండరాయేనని నా నమ్మకం. హంపీ గుండ్లు ఎక్కడానికి దేశదేశాల నుంచి యువకులు వస్తారు. కింద పరుపు పరుచుకొని, చేతివేళ్ల, పాదాల పట్టుతోనే పైకి పాకుతారు, వారాల తరబడి ఉండిపోతారు. ఆదోని కొండల్లోనూ అలాంటి నల్లరాతి గుండ్లే ఉన్నాయి. ఎండాకాలంలో కాలే బండను ముట్టుకోలేరు కనుక నవంబరు నుంచి ఫిబ్రవరి దాకానే ఈ ఆటకు అదను.

సరిగ్గా ఆ నెలల్లోనే కోసిగి, ఆదోని, ఎమ్మిగనూరు పల్లెలు సుగ్గికి, అంటే వలస కూలికి, కదులుతాయి. ఖరీఫ్ పంట ఇంటికి చేరగానే గుంటూరు మిరప కోతలకు, తెలంగాణ పత్తి చేలకు కుటుంబాలు పిల్లలతో సహా వెళ్లిపోతాయి. ఇళ్లకు తాళాలు పడతాయి, బడుల్లో హాజరు పడిపోతుంది. పర్యాటకం ఒక్కటే ఈ వలసను ఆపలేదు. ఆ పని తుంగభద్ర నీళ్లు చేయాలి. కానీ దారి చూపే పని, వంట, బస, బండి బాడుగ వంటివి చలికాలంలో కొన్ని ఇళ్లనైనా ఊళ్లో నిలబెట్టగలవు. మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘాన్ని నిలబెట్టిన ఎమ్మిగనూరులో నేసిన దుప్పటికి కూడా గిరాకీ పెరుగుతుంది.

ఇందుకు కొండ మీద రిసార్టు కట్టనక్కర్లేదు, కట్టకూడదు కూడా. రణమండల ఆంజనేయుడి కొండ భక్తులది. ఏ గుండు ఎక్కవచ్చో, దేని మీద కాలు పెట్టకూడదో స్థానికులే తేల్చాలి. కోట గోడలను, పాత కట్టడాలను ఆటకు దూరంగా ఉంచాలి. గదులు ఊళ్లోని ఇళ్లలోనే చూపించాలి. అంతకన్నా ముందు, కోట చుట్టుపక్కల రాయి కొట్టడానికి అనుమతి ఇవ్వబోమని జిల్లా యంత్రాంగం రాతపూర్వకంగా ప్రకటించాలి.