ఋషిని ఇంజనీరు చెయ్యకండి

సిడ్నీ పడమటి శివారు క్వేకర్స్ హిల్‌లో మన తెలుగువాళ్ల ఇళ్లలో సత్యనారాయణ వ్రతానికో, పిల్లల పుట్టినరోజుకో నలుగురు చేరితే ఒక మాట తప్పక వినిపిస్తుంది: "మన ఋషులు ఆ కాలంలోనే సైంటిస్టులు, విమానాలు కూడా కట్టారు." ఇక్కడ పుట్టిన పిల్లలకు మన పెద్దల మీద గౌరవం కలగాలన్న తాపత్రయమే అది. తాపత్రయం మంచిదే. మాట మాత్రం అబద్ధం, పైగా ఋషికి చిన్నతనం.

విమానాల సంగతి ముందు తేల్చేద్దాం. భరద్వాజ ఋషి పేరుతో చలామణీ అవుతున్న వైమానిక శాస్త్రం 20వ శతాబ్దంలో సుబ్బరాయశాస్త్రి అనే పండితుడు చెప్పగా రాసుకున్నది. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ శాస్త్రజ్ఞులు 1974లో దాన్ని పరిశీలించారు. అది 1904కు ముందుది కాదనీ, అందులో వర్ణించినవి ఎగరలేవనీ నిర్ధారించారు.

అసలు భరద్వాజుడు ఋగ్వేదం ఆరో మండలంలో ఉన్నాడు. అందులో 28వ సూక్తం ఆవుల మీద. మంద క్షేమంగా ఇల్లు చేరాలి, దొంగల పాలు కాకూడదు, మంచి గడ్డి మేసి మంచి నీళ్లు తాగాలి. చిక్కిపోయిన మనిషికి ఒళ్లు చేయించేదీ, కళ లేనివాడికి కళ తెచ్చేదీ ఆవేనంటాడు. పశువుల మధ్య బతుకుతూ వాటిని కళ్లారా చూసినవాడే ఇలా చెప్పగలడు.

ఋషి అంటే అలా చూసినవాడే. వేదపదాల వ్యుత్పత్తులు చెప్పే యాస్కుడి నిరుక్తం 'ఋషి' అన్న మాటను చూపుతో ముడిపెట్టింది. స్తోత్రాలను దర్శించినవాడు ఋషి అన్నది ఔపమన్యవుడి మతమని చెప్పింది. సంస్కృత ధాతువుల పట్టిక అయిన ధాతుపాఠంలో 'ఋష్' ధాతువుకు గమనం అర్థం. ఆ మాట పుట్టుక మీద ఆధునిక పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ఏ వ్యుత్పత్తి పట్టుకున్నా యంత్రాలు కట్టేవాడన్న అర్థం రాదు.

ఆ చూపుకు జడలూ గడ్డమూ అక్కర్లేదు, పుట్టుకా అడ్డం కాదు. ఘోష, అపాల, విశ్వవార స్త్రీలు. ఋగ్వేద సూక్తాలకు ఋషులు. కవష ఐలూషుణ్ణి దాసీపుత్రుడని సరస్వతీ తీరపు సత్రయాగం నుంచి వెళ్లగొట్టారు; దాహంతో చావమని ఎడారిలో వదిలేశారు. అక్కడ అతనికి జలదేవతల సూక్తం దర్శనమైంది, నీళ్లు అతణ్ణి చుట్టుకుని ప్రవహించాయి. వెళ్లగొట్టినవాళ్లే మళ్లీ పిలుచుకున్నారని ఐతరేయ బ్రాహ్మణం చెబుతుంది. విమానం కథ చెప్పే పెద్దలు ఈ కథ ఎందుకు చెప్పరు?

పిల్లల చేత భరద్వాజస గోత్రం అనిపిస్తున్న అమ్మలారా, అయ్యలారా! దాశరథి రంగాచార్య వేదాలను తెలుగులోకి తెచ్చారు. ఆరో మండలం తీసి ఆ ఆవుల సూక్తం పిల్లలకు చదివి వినిపించండి.